మిగిలిన కంటి ముందు అద్దం

రెండు కళ్ళలో ఒకటి పోగొట్టుకున్న మనిషి మీ దుకాణానికి వచ్చి, మిగిలిన కంటిని గాలి నుంచి కాపాడమని అడిగితే, ఆ కంటికి ఎదురుగా ఏ ఎత్తున ప్లాస్టిక్ రేకు నిలబెట్టాలో నిర్ణయించే అధికారం మీకు ఎక్కడిది? మీ చేతిలో రంపం ఉన్నందువల్ల వచ్చిందా? మీ నోట్లో మాట ఉన్నందువల్ల వచ్చిందా?

నేను బందరులో ఒక మోటారు సైకిళ్ళ సామాన్ల దుకాణంలో పనికి చేరి, ఆ పనిలోనే రిటైరయ్యాను. నా హోదా ఎప్పుడు మారింది, ఎవరు సన్మానం చేశారు అన్నవి ఇక్కడ రాయను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న వాళ్ళకు వాటివల్ల ఉపయోగం లేదు. రాయదలుచుకున్నది విండ్‌స్క్రీన్ గురించి. ఆ రోజుల్లో బండితో పాటు కంపెనీ దాన్ని ఇచ్చేది కాదు. కొనుక్కున్నాక, గాలి దెబ్బ తగిలాక, మా వంటి దుకాణానికి వచ్చి బిగించుకోవాలి. గాజు కాకపోయినా మా వైపు అందరూ దాన్ని అద్దమే అనేవారు. నేనూ అలాగే అంటాను.

హారన్ ఎంపికలో పొరపాటు చేస్తే చెవికి బాధ. సీటు ఎంపికలో పొరపాటు చేస్తే నడుముకు బాధ. అద్దం ఎంపికలో పొరపాటు చేస్తే మనిషికి దారి కనపడదు. అందుకే నా అనుభవాల్లో దీన్నొక్కదాన్నే విడదీసి రాస్తున్నాను.

దుకాణం పద్ధతి

మాది నందివాడ దగ్గర పల్లె. నాన్నగారు మిషన్ బడిలో మాస్టారు. నేను బందరులో బి.ఏ. చదివే రోజుల్లో డిబేటింగ్ పోటీలంటే ప్రాణం పెట్టేవాణ్ణి. ఎదుటివాడి మాటలో సందు ఎక్కడుందో వెతికి, అక్కడ ఒక ప్రశ్న దింపి, అతను తడబడేదాకా ఆగడం మాకు నేర్పిన విద్య. ఆ విద్యతో నేను లాయరునవుతానని అందరూ అనుకున్నారు. నాకేమో యంత్రాల మీద మక్కువ. చదువు అయిపోగానే కోనేరు సెంటరు దగ్గరున్న ఆ దుకాణంలో చేరాను.

యజమాని వెంకటరత్నం గారు పెద్ద మనసున్న మనిషి. వచ్చినవాళ్ళకు ముందు సోడా, తరవాతే బేరం. పనిలో ఆయనకొక పద్ధతి ఉండేది. బండిని దుకాణం మధ్యలో స్టాండు మీద నిలబెట్టేవారు. కొనేవాణ్ణి దాని మీద కూర్చోబెట్టి, హ్యాండిల్ ముందు ప్లాస్టిక్ రేకు పట్టుకుని, "చూపు ఆనుతోందా అండీ?" అని అడిగేవారు. ఆనుతోందని అతను అనగానే రేకు మీద గీత గీసి, రంపంతో కోయించేవారు. ఆ రోజుల్లో బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో తిరిగే అద్దాల్లో చాలా భాగం అలా స్టాండు మీద కొలిచి కోసినవే.

ఎంత ఎత్తు ఉండాలన్న విషయంలో ఆయనకు సందేహమే లేదు.

"గాలి కూడా వాన లాంటిదే అబ్బాయ్. గొడుగు ఎంత పెద్దదైతే అంత తక్కువ తడుస్తావు."

"వాన పైనుంచి పడుతుందండీ. గాలి ఎదురుగా వస్తుంది. గొడుగుని మొహానికి అడ్డం పెట్టుకుని ఎవరైనా నడుస్తారా?" అన్నాను నేను.

"ఇదిగో, బి.ఏ. గారు మొదలెట్టారు. ఎవరక్కడ, ఈయనకో సోడా కొట్టి ఇవ్వండి, గొంతు ఎండిపోతుంది" అని ఆయన నవ్వేసేవారు.

నా వాదనలో బలం లేకపోలేదు. పెద్ద అద్దం పెట్టుకున్నవాడు దారిని అద్దంలోంచి చూడాలి. మన డెల్టాలో అద్దం ఎన్నాళ్ళు తేటగా ఉంటుంది? పొద్దున్న పొగమంచు, మధ్యాహ్నం ధూళి, సాయంత్రం పురుగులు. పైగా మనవాళ్ళకు ఒక అలవాటు. బండి ఆపగానే భుజం మీది కండువా తీసి, పొడిగుడ్డతోనే అద్దాన్ని రుద్దుతారు. ధూళి మీద పొడిగుడ్డ రుద్దితే ప్లాస్టిక్ మీద సన్నని గీతలు పడతాయి. ఆ గీతల మీద పడమటి ఎండ పడిందంటే అద్దమంతా తెల్లగా వెలిగి, ఎదురుగా ఏముందో తెలియదు. బందరు నుంచి సాయంత్రం గుడివాడ వైపు వెళ్ళేవాడికి ఎండ ముఖం మీదే ఉంటుంది.

అంచు మీద మెరుపు

నాకు అద్దం అంచు మీద మొదటిసారి అనుమానం కలిగించింది చిలకలపూడి కుర్రాడొకడు. వాళ్ళ ఇంట్లో రోల్డుగోల్డు నగల పని. కొత్త బండి కొన్నాడు, మా దగ్గర అద్దం బిగించుకున్నాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. అద్దం పై అంచు చుట్టూ బంగారుపూత రేకు నాజూకుగా అతికించి ఉంది. పని మాత్రం నిజంగా అందంగా ఉంది.

"బావగారూ, ఇది తీసెయ్యండి" అన్నాడు నాతో. నాకూ అతనికీ ఏ చుట్టరికమూ లేదు, అది అతని పిలుపు.

"అంత అందంగా చేసుకుని తీసెయ్యడమేమిటి?"

"అందం ఎదుటివాళ్ళకండీ. నాకు మాత్రం పొద్దస్తమానం కంట్లో ఎవరో దీపం ఊపుతున్నట్టుంది. నిన్న మా మేనమావ ఎదురొస్తే గుర్తుపట్టక హారన్ కొట్టి తప్పుకోమన్నాను. ఇంటికొచ్చి మా అమ్మతో చెప్పి, ఇప్పుడు నాకు పిల్లనివ్వనంటున్నాడు."

రేకు పీకేశాం. పెళ్ళి సంగతి నాకు తెలియదు. కానీ ఆ రోజు ఒక విషయం మనసులో పడింది. మనిషి అద్దంలోంచి చూడగలడు, అద్దం మీదుగా చూడగలడు. అద్దం అంచు దగ్గర మాత్రం చూడలేడు. ఇది తెలిసి కూడా తరవాతి సంగతిలో మేమెవరం దాన్ని వాడుకోలేకపోయాం. తెలియడానికీ, వేళకు గుర్తుకు రావడానికీ చాలా దూరం ఉంటుంది.

డాక్టరు గారు

అరవయ్యో దశకం మొదట్లో ఒక రోజు, అవనిగడ్డలో పశువుల డాక్టరుగా ఉన్న యోహాను గారు దుకాణానికి వచ్చారు. నాన్నగారికి పరిచయస్థులు. "వందనాలండీ" అంటే "వందనాలు నాయనా" అని కూర్చున్నారు. ఎడమ కంట్లో తెల్లగా పువ్వు కనిపించింది. నా చూపు అక్కడ ఆగడం ఆయన గమనించారు.

"ఊక నాయనా. కిందటేడు నూర్పిళ్ళ రోజుల్లో ఏటి కరకట్ట మీద వస్తున్నాను. కళ్ళంలో తూర్పారబడుతున్నారు. ఒక్క రేణువు వచ్చి పడింది. నలిపాను. అక్కడితో అయిపోయింది."

ఇది మన ప్రాంతం వాళ్ళకు కొత్త విషయం కాదు. వరి ఊక కంట్లో గుచ్చుకుని, పుండు పడి, చూపు పోయినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండేవారు. డాక్టరు గారికి మిగిలింది కుడి కన్ను. కంటి డాక్టరు ఆయనకు గట్టిగా చెప్పాడట: ఈ కంటికి గాలీ ధూళీ తగలకుండా చూసుకుంటారా, మోటారు సైకిలు మానుకుంటారా, తేల్చుకోండి అని.

మోటారు సైకిలు మానుకోవడమంటే ఆయనకు ఉద్యోగం మారిపోవడమే. బండి నడపలేనని రాసిస్తే ఎక్కడో పట్నంలో బల్ల ముందు కూర్చోబెడతారు. వానలు పడేలోపు నాగాయలంక, కోడూరు, హంసలదీవి వరకు ఊరూరూ తిరిగి పశువులకు గొంతువాపు టీకాలు వేసే మనిషి ఉండడు. ఐసు పెట్టెలో టీకా మందు వేడెక్కకుండా ఆ ఊళ్ళు చేరాలంటే అప్పటి దారుల మీద మోటారు సైకిలే గతి.

"గాగుల్స్ పెట్టుకోవచ్చు కదండీ?" అని అడిగాను.

"నా కళ్ళజోడు మీద అవి కూర్చోవు. కూర్చున్నా మన ఉక్కకు లోపల ఆవిరి పడుతుంది. ఉన్న ఒక్క కంటికీ ఆవిరి పడితే ఇక బండిని నేను టీకాలు వేసే ఎడ్లే తోలాలి, నేను వెనక కూర్చోవాలి" అన్నారు.

మధ్యస్థం

వెంకటరత్నం గారు మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన పెద్ద రేకు తీయించారు. డాక్టరు గారిని స్టాండు మీది బండి ఎక్కించి ఎదురుగా పట్టుకుంటే, ఆయన తల మొత్తం దాని వెనక దాగింది.

"ఊక కాదు, ఈగ కూడా రాదండీ" అన్నారు యజమాని.

నేను ఊరుకోలేదు. ఉన్నది ఒక్క కన్ను కాబట్టి దానికి ఎదురుగా గీతలు పడే ప్లాస్టిక్ ఉండనేకూడదన్నాను. ఛాతీ దాకా వచ్చే చిన్న అద్దం చాలునన్నాను. చిన్న అద్దం మీంచి లేచిన గాలి తిన్నగా మొహానికే కొడుతుందని యజమాని అన్నారు. కొడితే కొట్టనివ్వండి, కళ్ళజోడు ఉందన్నాను. కళ్ళజోడు పక్కనుంచేగా ఊక పోయిందన్నారాయన. గుమాస్తా పని ఆపి వింటున్నాడు. సోడాలు వెచ్చబడ్డాయి. మా ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉందని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాకు కావలసింది ఎదుటివాడి సగం ఓడిపోవడం.

డాక్టరు గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పెద్దమనిషి కాబట్టి పెద్దమనిషి తీర్పు చెప్పారు.

"ఇద్దరూ నిజమే మాట్లాడుతున్నారు. మధ్యస్థంగా కోసేయండి."

అందరికీ సంతోషం. అద్దం అంచు కంటికి కాస్త కిందగా, ముక్కు మధ్యకు వచ్చేలా గీత గీశాం. డాక్టరు గారు స్టాండు మీద కూర్చుని చూపు చక్కగా ఆనుతోందన్నారు. కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని బయలుదేరారు.

"చూశావా, తగువు తీర్చడమంటే అదీ" అన్నారు వెంకటరత్నం గారు.

ఈ వృత్తిలో కొత్తగా అడుగుపెడుతున్న మిత్రులారా, ఇక్కడ నిర్మొహమాటంగా ఒక మాట. పొలం గట్టు తగువులో మధ్యకు గీత గీయవచ్చు. ఇద్దరికీ చెరిసగం దక్కుతుంది. అద్దం విషయంలో రెండు అభిప్రాయాలకు మధ్యన గీసిన గీత, ఆ రెండింటికన్నా చెడ్డది కావచ్చు. మధ్యస్థం అన్నది మా మర్యాదకు కుదిరింది. కంటికి ఎవరి మర్యాదా అక్కర్లేదు.

కరకట్ట మీద

కొన్నాళ్ళకు డాక్టరు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి భార్య రూతమ్మ గారు వెంట ఉన్నారు. ఆవిడ అవనిగడ్డలో ఆడపిల్లల బడిలో టీచరు. వెనకే ఆస్పత్రి అటెండరు సాంబయ్య, ఒక మోచేతికి కట్టు, రెండో చేతిలో ఐసు పెట్టెతో. డాక్టరు గారు ఎక్కడికి వెళ్ళినా ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని బండి వెనక కూర్చునేది అతనే.

"అద్దం విప్పేయండి. ఈ బండికి ఎవరైనా బేరం ఉంటే చూడండి" అన్నారు డాక్టరు గారు.

వెంకటరత్నం గారు బల్ల వెనకనుంచి లేచి వచ్చారు. ఏం జరిగిందని నేనే అడిగాను.

"సందె వేళ నాగాయలంక నుంచి వస్తున్నాను. ఎదురుగా గడ్డిబండి. నాకది ఒక బండిలా కనపడలేదు నాయనా. పైన గడ్డి ఒక చోట, కింద చక్రాలు ఇంకో చోట, మధ్యలో గీత. దూరమెంతో తెలియలేదు. రెండు కళ్ళున్నవాడికి ఏదో ఒక కన్ను గీతను తప్పించుకుంటుందేమో. నాకున్నది ఒకటే. గీత సరిగ్గా దాని మీదే ఉంది."

"బ్రేకు నిలవేసి కొట్టారండి. నేను ఐసు పెట్టెతో సహా చేలోకి దిగిపోయానండి. బండి తోలేవాడు నన్ను చూసి, 'ఏం బావా, నాట్లకొచ్చావా?' అన్నాడండి. ఎదవ, చెయ్యి ఇచ్చి లేపకుండా" అన్నాడు సాంబయ్య.

రూతమ్మ గారు నవ్వలేదు. "ఇంక చాలండి. ఉన్న ఒక్క కన్నూ, దాంతో పాటు మనిషీ పోయాక ఏ దూడకు టీకా వేస్తారు? బదిలీకి రాసిచ్చేద్దాం" అన్నారు. డాక్టరు గారు తల వంచుకున్నారు. ఆవిడ మాట తప్పని ఆయన అనలేదు. ఆయన చెయ్యి మాత్రం పెట్రోలు ట్యాంకు మీదే ఉంది.

యజమాని చటుక్కున బండిని స్టాండు మీదికి లాగి, "ఒక్కసారి కూర్చోండి డాక్టరు గారూ" అన్నారు. ఆయన కూర్చున్నారు. అంచు ముక్కు మధ్యకే ఉంది. దారి శుభ్రంగా కనిపిస్తోంది.

"ఇక్కడ బాగానే ఉందండీ. అదే నాకూ అర్థం కావటం లేదు" అన్నారాయన.

వెనక కూర్చున్న పూట

కాలేజీలో మాకొక నియమం చెప్పేవారు: జవాబు తెలియని ప్రశ్న ఎదుటివాణ్ణి ఎప్పుడూ అడగవద్దు. గెలవడానికి అది మంచి నియమం. ఆ పూట నేను దాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది. నాకు జవాబు తెలియదు, దుకాణంలో ఎవరికీ తెలియదు.

"ఏమండీ, నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఒకసారి ఊరి బయటిదాకా తీసుకెళ్తారా? ఆ తరవాత బేరం సంగతి చూద్దాం" అన్నాను.

సాంబయ్య ఐసు పెట్టె నా చేతికిచ్చాడు. డాక్టరు గారు బండి స్టాండు తీసి, రోడ్డు మీదికి దించి స్టార్టు చేశారు. నేను పెట్టెతో ఎక్కి కూర్చున్నాను. బండి ఇంకా దుకాణం ముందే ఉంది.

"ఇదిగో, గీత వచ్చేసింది" అన్నారు డాక్టరు గారు.

నేను దిగాను. "పోయింది" అన్నారు. ఎక్కాను. "వచ్చింది."

వెంకటరత్నం గారు రోడ్డు మీదికి వచ్చి, బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. నేను ఎక్కినప్పుడల్లా వెనక స్ప్రింగులు దిగుతున్నాయి, ముందు భాగం లేస్తోంది. బండితో పాటు అద్దమూ లేచి, అంచు దారికి అడ్డం వస్తోంది. స్టాండు మీద సరిగ్గా దీనికి విరుద్ధం. స్టాండు బండి వెనక భాగాన్ని ఎత్తి, ముందు భాగాన్ని దించుతుంది. అంటే మేము కొలిచినది ఒక బండి, ఆయన నడిపినది ఇంకొక బండి.

"అబ్బాయ్, ఇన్నాళ్ళూ మనం నిలబడ్డ బండికి అద్దాలు కోశామురా. నడిచే బండిని ఒక్కనాడూ చూడలేదు" అన్నారు యజమాని లేచి పంచె దులుపుకుంటూ. ఆ మాట అందరి ముందూ, కొనడానికి వచ్చినవాళ్ళ ముందూ అన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజు నుంచి వేరు.

అద్దం అంచును ఎంత దించాలో రోడ్డు మీదే, పెట్టెతో సహా నేను వెనక కూర్చుని ఉండగానే గీత గీశాం. డాక్టరు గారి ముఖంలో వెలుగు వచ్చింది. రూతమ్మ గారి ముఖంలో రాలేదు.

"సరే తమ్ముడూ, చూపు కుదిరింది. అంచు దించితే గాలి ఎక్కడికి వెళ్తుంది?" అని అడిగారు.

ఆవిడ మా కాలేజీలో ఉంటే పోటీలన్నీ ఆవిడే గెలిచేవారు.

నూలు పోగులు, ఊక గంప

గాలి కనపడదు కాబట్టి కనపడేలా చేయాలి. పెడనలో మగ్గాల దగ్గర తెగిపడే నూలు పోగులు తెప్పించాను. పాత అద్దాన్ని అలాగే ఉంచి, ఆ గీత ఎత్తుకు కోసిన కొత్త అద్దం పై అంచు పొడవునా వాటిని బంకతో అతికించి, డాక్టరు గారి వెనక కూర్చుని పెడన రోడ్డు మీద వెళ్ళాం. బండి వేగం అందుకోగానే పోగులన్నీ లేచి ఆయన కళ్ళజోడు వైపే చాచుకున్నాయి. చిన్న అద్దం గురించి యజమాని మొదట అన్న మాట అక్షరాలా నిజమని అప్పుడు కళ్ళారా చూశాను.

ఎత్తు పెంచకుండా గాలిని పైకి ఎగరగొట్టాలి. అంచును బయటికి, అంటే ముందువైపుకు, పెదవిలా వంచితే గాలి ఆ పెదవిని తాకి తల మీదుగా దూకుతుందేమోనని అనుకున్నాం. ప్లాస్టిక్ రేకును బొగ్గుల కుంపటి మీద వేడి చేసి, రోకలి మీద వంచాం. మొదటి రేకు బుడగలెత్తి పాడైంది. రెండోది కుదిరింది. అద్దం అడుగున, బండి దీపానికి పైన, రెండు వేళ్ళ సందు కూడా వదిలాం. అక్కడినుంచి కొంచెం గాలి లోపలికి వస్తే, అద్దం వెనక సుడి తిరిగి మొహం మీదికి లాగడం తగ్గింది. మళ్ళీ పెడన రోడ్డు ఎక్కాం. ఈసారి పోగులు నిటారుగా నిలబడి తల పైకి చూపించాయి.

దుకాణానికి తిరిగి వచ్చి ఈ ఫలితాన్ని నేను రూతమ్మ గారికి బాగానే వర్ణించి చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"మా ఆయన కన్ను పోయింది నూలు పోగు వల్ల కాదు. ఊక వల్ల. ఊక పడుతుందో లేదో చూపించండి" అన్నారు.

మరునాడు గుడివాడ రోడ్డు పక్కన, నూర్పిళ్ళు అయిపోయిన ఒక కళ్ళం దగ్గర చేరాం. డాక్టరు గారి కంటితో ప్రయోగం చేయకూడదు కాబట్టి బండి నేను నడపాలి. ఆయనకన్నా నేను పొట్టి. సీటు మీద గోనెసంచి మడిచి వేసుకుని ఆయన ఎత్తుకు వచ్చాను. వెనక సాంబయ్య బరువుకు సరిపడా వడ్ల బస్తా కట్టాం.

"నా బరువు బస్తాతో తూచారన్నమాట" అన్నాడు సాంబయ్య.

"బస్తాయే నయం. అది మాట్లాడదు" అన్నారు డాక్టరు గారు.

నేను మొహానికీ, మామూలు అద్దాల కళ్ళజోడుకూ కొబ్బరినూనె దట్టంగా పూసుకున్నాను. ఊక ఎక్కడ తగిలితే అక్కడే అంటుకోవాలని. గాలివాలు చూసుకుని రోడ్డు పక్కన వెంకటరత్నం గారు గంప నిండా ఊకతో నిలబడ్డారు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా నలగనివ్వని మనిషి, ఆ రోజు చేతులు పైకి మడిచి ఉన్నారు.

మొదట మధ్యస్థంగా కోసిన పాత అద్దం బిగించి నడిపాను. ఆయన గంపెత్తి ఊక విసిరారు. బండి ఆపేసరికి నా కళ్ళజోడు పసుపురంగు గోడలా ఉంది.

"ఏమిటిది, పెళ్ళికొడుకువా? నలుగు పెట్టించుకున్నావు" అన్నారు యజమాని. ఆయన ముఖం మాత్రం నవ్వటం లేదు. ఆ అద్దంతోనే డాక్టరు గారు అన్నాళ్ళు తిరిగారు.

కడుక్కుని, మళ్ళీ నూనె పూసుకుని, అంచు వంచిన అద్దంతో నడిపాను. ఊక విసిరారు. ఆగాను. రూతమ్మ గారు దగ్గరికి వచ్చి, బడిలో పిల్లల గోళ్ళు చూసేంత శ్రద్ధగా నా మొహం చూశారు. జేబురుమాలు తడిపి ఒక్కొక్క చోటా తుడిచారు.

"జుట్టులో ఉంది. చెవుల మీద ఉంది. చొక్కా నిండా ఉంది." కళ్ళజోడు తీసి వెలుగుకు పెట్టి చూశారు. చాలాసేపు చూశారు. "దీని మీద లేదు."

డాక్టరు గారు ఆవిడ వైపే చూస్తున్నారు.

"పక్కనుంచి గాలి కొడితే?" అని ఆవిడ నన్ను అడిగారు. "హంసలదీవి వైపు సముద్రం గాలి ఎదురుగా రాదు, పక్కనుంచి తోస్తుంది."

ఒక్క క్షణం నా నాలుక మీదికి మూడు వాదనలు వచ్చాయి. అద్దం ఎంత చిన్నదైనా పక్కగాలికి తెరచాపలా పనిచేస్తుంది. అంచు వంపు దాన్ని ఆపదు. ఈ సంగతి నాకు తెలుసు.

"దానికి నా దగ్గర ఉపాయం లేదండీ" అన్నాను.

ఆవిడ జేబురుమాలు పిండి, మడిచి, భర్త వైపు తిరిగారు. "గాలి రేగిన రోజున కోడూరులో బండి వదిలేసి, అక్కడినుంచి ఎడ్లబండిలో వెళ్ళాలి. ఒప్పుకుంటేనే."

"ఒప్పుకున్నాను."

"సాంబయ్యా, నువ్వు సాక్షివి."

"నేనే కాదండమ్మా, బస్తా కూడా వింది" అన్నాడు సాంబయ్య.

ఆ తరవాత

బదిలీ మాట మళ్ళీ రాలేదు. యోహాను గారు దివిసీమలోనే పనిచేసి, అక్కడే రిటైరయ్యారు. ఏటా నూర్పిళ్ళు అయ్యాక మా దుకాణానికి వచ్చి, గీతలు పడ్డ అద్దం తీయించి కొత్తది బిగించుకునేవారు. పొడిగుడ్డ తగలనివ్వకుండా, చెంబుడు నీళ్ళు పోసి కడిగేవారు. గాలి రోజుల్లో కోడూరులో బండి వదిలేవారని సాంబయ్య ప్రమాణం చేసి చెప్పేవాడు. ఒక్కసారి మాత్రం వదల్లేదనీ, ఆ రాత్రి రూతమ్మ గారు తనకు కూడా అన్నం పెట్టలేదనీ అతనే చెప్పాడు. చివరిసారి ఆయన్ని చూసినప్పుడు, వరండాలో కూర్చుని ఆ కుడి కంటితోనే బైబిలు చదువుకుంటున్నారు. చిన్న అక్షరాల ప్రతి.

ఆ రోజుల తరవాత వెంకటరత్నం గారు దుకాణంలో స్టాండు మీద ఒక్క అద్దమూ కోయించలేదు. అంతేకాదు, అంతకుముందు మేం బిగించిన అద్దాల కోసం ఆదివారాలు నన్ను వెంటేసుకుని తిరిగారు. గుడివాడలో ఒక మిల్లు గుమాస్తా, మాకు పనీపాటా లేదా అని విసుక్కున్నాడు. బండి వెనక భార్యనూ ఇద్దరు పిల్లలనూ కూర్చోబెట్టమని అడిగితే ఇంకా విసుక్కున్నాడు. కూర్చోబెట్టాక తనే మా చేతికి స్పానరు ఇచ్చాడు. కొందరు మమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. కొన్ని బండ్లు ఎక్కడున్నాయో కనుక్కోలేకపోయాం. ఆ అద్దాల వెనక ఎవరికి ఏమైందో నాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు.

నేను ఈ పని వదిలేశాను. మీరు ఇప్పుడే మొదలుపెట్టారు. మీరు బిగించిన అద్దాలు ఇంకా మీ ఊరి దారుల మీదే తిరుగుతున్నాయి, వాటి యజమానుల ఇళ్ళు మీకు తెలుసు. ఈ ఆదివారం ఒక్క ఇంటికి వెళ్ళండి. రోజూ వెనక ఎవరు కూర్చుంటారో వాళ్ళను కూర్చోబెట్టమనండి, రోజూ మోసే బరువు ఎక్కించమనండి. సాయంత్రం ఎండ ముఖాన పడే వేళ మీరే నడిపి చూడండి. అంచు దారికి అడ్డం వస్తే, అక్కడే, ఆ ఇంటి ముందే, రంపం తీసి కోయండి.